ముప్పై తొమ్మిదిన్నర డిగ్రీలు

గ్రూన్‌హాల్ట్ రసాయనాల కంపెనీ పదమూడేళ్ళు ఏకబిగిన నిద్రపోయిందన్న సంగతి నూకరత్నానికి ఉద్యోగంలో చేరిన మొదటిరోజే తెలిసింది.

కంపెనీ పుట్టి నూటయాభై ఏళ్ళయిన సందర్భంగా ఫ్యాక్టరీ గేటు పక్కన చరిత్ర మందిరం కట్టారు. లోపల గోడ పొడుగునా పటాలు వేలాడదీశారు. చూడ్డానికి వచ్చినవాళ్ళకి ఒక్కో పటం దగ్గరా నిలబడి కథ చెప్పడం, వాళ్ళు వెళ్ళాక నేల తుడవడం నూకరత్నం పని. 1932 పటంలో తెల్లకోట్లు వేసుకున్న దొరలు గొడుగుబట్టకి వెలిసిపోని రంగు కనిపెట్టి నవ్వుతున్నారు. దాని పక్కన ఆరడుగుల మేర సున్నం కొట్టిన వట్టి గోడ. ఆ తర్వాత 1946 పటంలో అవే దొరలు, కాస్త బట్టతలలు వచ్చి, చీరల పెట్టెలో వేసుకునే కలరా ఉండలు కనిపెట్టి నవ్వుతున్నారు.

"మధ్యలో ఏటయిందండీ?" అని అడిగింది నూకరత్నం.

అడిగింది పర్సనెల్ విభాగం జనరల్ మేనేజరు శేషశయనరావు గారిని. చరిత్ర నిర్వహణ సంఘానికి అధ్యక్షులు కూడా ఆయనే.

"ఆ కాలంలో సంస్థ ఆత్మపరిశీలనలో ఉందమ్మా" అన్నారాయన.

"పదమూడేళ్ళాండీ?"

"పెద్ద సంస్థ కదా. ఆత్మ కూడా పెద్దదే."

అసలు జరిగింది ఇది. కంపెనీ పుట్టిల్లు ఎక్కడో చలిదేశంలో ఉంది. బొర్రవానిపాలెం సముద్రం ఒడ్డున ఉన్నది దాని బ్రాంచి. హెడ్డాఫీసు నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. 1933 నుంచి 1945 దాకా గల కాలానికి ఆమోదం పొందిన పాఠం తర్వాత పంపుతాం, అంతవరకూ ఆ సంవత్సరాల గురించి పటాల్లో ఏమీ రాయవద్దు అని అందులో ఉంది. పటాల్లో రాయవద్దన్నారు కాబట్టి నోటితోనూ అనకూడదని సంఘం నిర్ణయించింది. నోటితో అనకూడనిది కాగితం మీద మాత్రం ఎందుకుండాలని మరో సమావేశంలో నిర్ణయించింది. హెడ్డాఫీసు పావలా అడిగితే రూపాయి భక్తి చూపించడం బ్రాంచికి మొదటినుంచీ అలవాటు.

నూకరత్నం మరి నోరెత్తలేదు. ఎత్తే పరిస్థితి కాదు. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మాన్పించి పెళ్ళి చేశారు. మొగుడు లోవరాజు లారీ ఎక్కితే మళ్ళీ పదిరోజులకి గానీ ఇంటి మొహం చూడడు. మూడేళ్ళ కూతురు మోక్షితకి ఆయాసం. గాలి సముద్రంవైపు వీస్తే పిల్ల ఆడుకుంటుంది, ఊరివైపు వీస్తే పిల్లికూతల్లాగ ఊపిరి తీస్తుంది. ఆ గాలి ఏ గొట్టంలోంచి వస్తుందో ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ ఊపిరి తిన్నగా చేసే ఆవిరి మిషను మాత్రం చుట్టుపక్కల పాతిక కిలోమీటర్లలో కంపెనీ ఆసుపత్రిలోనే ఉంది. ఉద్యోగం ఉంటే ఆసుపత్రి కార్డు ఉంటుంది. నూకరత్నం ఉద్యోగం ఆరునెలల పరీక్ష మీద ఇచ్చారు. కార్డు మీద కూడా ఆరునెలలే రాశారు. ఆ కార్డుని ఆమె ప్లాస్టిక్ సంచిలో పెట్టి, సంచిని రవికెలో పెట్టి, గంటకోసారి తడిమి చూసుకునేది.

అందుకని చెప్పమన్నది చెప్పినట్టు చెప్పింది. "1932 ఆఖరున సంస్థ విశ్రాంతి తీసుకుంది. 1946 మొదట్లో నూతనోత్సాహంతో మేల్కొంది."

కాలేజీ పిల్లలు ఒకరోజు చూడ్డానికి వచ్చారు. వాళ్ళలో కళ్ళజోడు పిల్ల ఒకతి చేయి ఎత్తింది.

"కుంభకర్ణుడు కూడా ఆర్నెల్లకోసారి లేచేవాడు కదా ఆంటీ. మీ కంపెనీ తిండికైనా లెగలేదా?"

మిగతావాళ్ళు నవ్వారు. ఆ నవ్వు మీద సాయంత్రం అత్యవసర సమావేశం జరిగింది. మర్నాడు నోటీసుబోర్డు మీద ఉత్తర్వు అంటించారు.

"సదరు సంవత్సరములు బయటనుండి సంస్థలోనికి ప్రవేశించుచున్నట్లు యాజమాన్యము దృష్టికి వచ్చినది. ఇకపై ఆ సంవత్సరములు గల ఏ పత్రమును, వస్తువును, వ్యక్తిని గేటు దాటి లోనికి అనుమతించరాదు."

వ్యక్తి అన్నమాట ఎందుకు పెట్టారో రెండురోజుల్లో తేలింది. రిటైరైన వాచ్‌మన్ సూరప్పడు పింఛను కోసం బతికున్నట్టు సంతకం పెట్టడానికి వచ్చాడు. మందిరం మెట్ల మీద నిలబడి నూకరత్నం అంతా చూసింది. గేటు దగ్గర కుర్చీలో ఉన్న సెక్యూరిటీ అతను ఒకప్పుడు సూరప్పడి దగ్గర పని నేర్చుకున్నవాడే. ఆధార్ కార్డు తిప్పి చూసి తిరిగి ఇచ్చేశాడు.

"మామా, నువ్వు నలభై ఒకట్లో పుట్టావు."

"పుట్టాను. ఐతే?"

"ఆ సంవత్సరం లేదు."

"నేకపోతే నానెలా పుట్టాన్రా?"

"అదే ఆల్లు అడుగుతున్నారు."

సూరప్పడు కాసేపు ఆలోచించాడు. "ఐతే ఇప్పుడు బతికున్నట్టు సంతకం పెట్టాలా, పుట్టినట్టు సంతకం పెట్టాలా?"

సంఘం దయతలచింది. పుట్టిన సంవత్సరం 1932 గానీ 1946 గానీ, తనకిష్టమైనది ఎంచుకోవచ్చంది. సూరప్పడు నలభై ఆరు కోరుకున్నాడు. "అయిదేళ్ళు సిన్నోడినయిపోయాను పాపా" అని నూకరత్నంతో చెప్పుకుని, మీసం దువ్వుకుంటూ వెళ్ళాడు. నెల తిరక్కుండా అతనికి ఇంకో ఉత్తరం వచ్చింది. అతని పెద్దకూతురు 1958లో పుట్టినట్టు రికార్డుల్లో ఉందట. పన్నెండేళ్ళ వయసులో తండ్రి కావడానికి దారితీసిన పరిస్థితులను లిఖితపూర్వకంగా వివరించమన్నారు.

ఇంతవరకూ బాగానే ఉంది. తర్వాత కంప్యూటరు సెక్షనువాళ్ళు పనిలోకి దిగారు. మనుషులు కాపలా కాస్తే పొరపాట్లు జరుగుతాయి, జల్లెడలాంటిది ఒకటి కంప్యూటర్లోనే పెడతామన్నారు. పెట్టారు. అయితే కంప్యూటరుకి శతాబ్దాల తేడా తెలియదు. దానికి తెలిసిందల్లా ముప్పై మూడు నుంచి నలభై ఐదు దాకా ఉన్న అంకెలు కనిపిస్తే పట్టుకోవడం. పట్టుకుని, ఎర్రగళ్ళలో ఒక వాక్యం చూపించేది: "ఈ సంఖ్య ఈ సంస్థలో లేదు."

కాలనీలో ముప్పై రెండో క్వార్టరు పక్కింటి నంబరు నలభై ఆరు అయింది. మధ్యలో పదమూడిళ్ళవాళ్ళకి గ్యాసుబండ రావడం మానేసింది. యూనిఫాం చొక్కాలు ముప్పై రెండు సైజులోనో నలభై ఆరు సైజులోనో కుట్టించారు. దాంతో షిఫ్టు మారేవేళ గేటు దగ్గర సగంమంది ఊపిరి బిగబట్టి, సగంమంది గాలికి తెరచాపల్లా ఊగుతూ కనిపించారు. కంపెనీ బడిలో పాసుమార్కు ముప్పై ఐదు. ఆ మార్కు లేకుండా పోయింది కాబట్టి ఏ పిల్లాడూ బొటాబొటీగా గట్టెక్కే వీల్లేదు. తప్పాలి, లేదా బాగా చదవాలి. బడి ప్రమాణాలు పెరిగినట్టు శేషశయనరావు గారు వార్షిక నివేదికలో రాశారు. బొర్రవానిపాలెం బ్రాంచికి అప్పటికి నలభై రెండేళ్ళు. ఒక పూటలో నాలుగేళ్ళు పెరిగి, నలభై ఆరో వార్షికోత్సవం జరుపుకుని, కార్మికులందరికీ స్టీలుగిన్నె పంచింది.

నూకరత్నానికీ ఒక గిన్నె వచ్చింది. సంతోషించింది. క్వార్టర్లు, చొక్కాలు, మార్కులు తనవి కావు. తనకి కావలసింది ఒక్క కార్డు. దాని ఆఖరు తేదీ ఇరవై ఎనిమిది. అది జల్లెడకి దొరకదు.

దొరికింది వేరే అంకె.

గాలి ఊరివైపు తిరిగిన ఒక మధ్యాహ్నం మోక్షితకి ఒళ్ళు కాలింది. చంకనేసుకుని ఆసుపత్రికి పరుగెత్తింది నూకరత్నం. నర్సు రూతమ్మ ధర్మామీటరు పెట్టి, తీసి, చూసి, కంప్యూటర్లో కొట్టింది. ఎర్రగళ్ళు వెలిగాయి.

"ఏటక్కా?"

"ముప్పై ఎనిమిదిన్నర. తీసుకోవట్లేదు."

"మరి ఎంత రాస్తే తీసుకుంటాది?"

రూతమ్మ ప్రయత్నించి చూపించింది. ముప్పై రెండు కొడితే తెరమీద "దేహమును శీతలగదికి తరలించుము" అని వచ్చింది. నలభై ఆరు కొడితే "తక్షణమే బాయిలరు విభాగమునకు తెలియజేయుము" అని వచ్చింది.

"మంచిగున్న మనిషికి ముప్పై ఏడుంటాదే రత్నం. జొరమొస్తే ముప్పై ఎనిమిది, తొమ్మిది, నలభై. మనిషన్నవాడు బతికేదే ఈ జల్లెడ లోపల. నెల్రోజుల్నించి ఈ ఆసుపత్రిలో ఒక్క బతికున్న మనిషి పేరు ఎక్కలేదు."

"పాత డిగ్రీలు రాయక్కా. నూటొకటి, నూటరెండు అనేవారు గదా."

"ఆ గడి హెడ్డాఫీసోళ్ళు ఎప్పుడో తీసేశారు. ప్రపంచమంతా ఒకే లెక్కట."

రూతమ్మ తన చేతిసంచిలోంచి సొంత పిల్లల కోసం కొనుక్కున్న జ్వరం మందు తీసి రెండు చెంచాలు పోసింది. తడిగుడ్డ ఇచ్చింది. ఆ పూటకి తగ్గింది. "ఇలాగ మందయితే పోయగల్ను గానీ, ఆవిరి మిషను గది నా చేతిలో లేదు. కంప్యూటరు చీటీ ఇస్తేనే తాళం తీస్తారు" అంది రూతమ్మ.

ఆ సాయంత్రం నూకరత్నం రికార్డు రూముకి వెళ్ళింది. అక్కడ కరీముల్లా అనే పెద్దాయన ఉంటాడు, మరో ఏడాదిలో రిటైరవుతాడు. వయసులో ఉన్నప్పుడు శిక్షణ కోసం హెడ్డాఫీసున్న దేశంలో ఎనిమిది నెలలుండి, ఆ భాష నేర్చుకుని వచ్చాడు. అందుకే ఆయనని ఎవరూ ఏమీ అడక్కుండా ఫైళ్ళ మధ్య కూర్చోబెట్టారు.

"బాబాయ్, ఆ పదమూడేళ్ళూ ఏం జరిగిందో తెలిస్తే, ఇది ఎందుకు దాస్తున్నారో తెలుస్తాది. తెలిస్తే, నా పిల్ల జొరానికీ దానికీ సంబంధం లేదని దరఖాస్తు రాసుకుంటాను."

కరీముల్లా కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నేనక్కడ ఒక ముసలావిడ ఇంట్లో అద్దెకున్నానమ్మా. ఆవిడ ఆ రోజుల్లో కంపెనీలో టైపిస్టు. ఉత్తరాలన్నీ ఆవిడే కొట్టింది. చెప్పమంటావా?"

"చెప్పు."

"వాళ్ళ దేశంలో ఒక పాడు ప్రభుత్వం వచ్చింది. కొంతమంది మనుషుల్ని మనుషులు కారంది. కంపెనీ ముందు చందాలిచ్చింది. తర్వాత యుద్ధం వచ్చింది. యుద్ధానికి రబ్బరు కావాలి, నూనె కావాలి. కొత్త ఫ్యాక్టరీ ఎక్కడ కట్టాలని చూసి, ఖైదీల శిబిరం పక్కన కట్టింది."

"పక్కనెందుకు?"

"కూలీలు దగ్గరని. రైళ్ళలో కుటుంబాలకి కుటుంబాల్ని దింపేవారు. పనిచేయగలిగినవాళ్ళని ఒక పక్కకి, పనికిరానివాళ్ళని ఒక పక్కకి గేటు దగ్గరే విడదీసేవారు. పనికెళ్ళినవాళ్ళు మూణ్ణెల్లు బతికితే గొప్ప. పేర్లు తీసేసి అంకెలిచ్చారమ్మా వాళ్ళకి. చేతి మీద పచ్చబొట్టు పొడిచి."

"ఏ అంకెలు?"

"అన్నీ."

"పనికిరానివాళ్ళంటే?"

"ముసలివాళ్ళు. జబ్బువాళ్ళు. పిల్లలు. తల్లి పిల్లని వదలనంటే తల్లి కూడా." కరీముల్లా గొంతు తగ్గించాడు. "కంపెనీ అప్పట్లో పురుగుల మందు చేసేది. పేలకీ నల్లులకీ. ఆ శిబిరానికి సరుకు పెరుగుతూ పోయింది. అన్ని పేలు ఎక్కడివని కంపెనీలో ఎవరూ అడగలేదు. ఆవిడ టైపు చేసిన ఒక ఉత్తరం గురించి చెప్పింది. అందులో ఉన్నది రెండే ముక్కలు. సరుకు అందినదా? ఫలితము తృప్తికరముగా నున్నదా?"

"యుద్ధం అయ్యాక ఆ దొరల్ని ఏం చేశారు?"

"కొందర్ని జైల్లో పెట్టారు. కొన్నాళ్ళకి వదిలేశారు. నలభై ఆరు పటంలో నవ్వుతున్నారు చూడు, వాళ్ళల్లో ముగ్గురు ఆ తర్వాత జైలుకెళ్ళొచ్చి, ఎనిమిదేళ్ళకి మళ్ళీ అవే కుర్చీల్లో కూర్చున్నారు."

ఆమె దరఖాస్తు రాయలేదు. సంబంధం లేదని ఎలా రాయాలో తెలియలేదు. మర్నాటినుంచి వట్టి గోడ దగ్గర "సంస్థ విశ్రాంతి తీసుకుంది" అనేటప్పుడు ఆ గోడకి వీపు పెట్టేది. అయినా అంది. కార్డు మీద ఇరవైరోజులున్నాయి.

ఆ ఇరవైరోజుల్లోనే హెడ్డాఫీసు నుంచి ఆడ డైరెక్టరు అన్నెలీజ మేడమ్ వస్తున్నారని కబురొచ్చింది. గేటుకి రంగులేశారు. గాలి ఏ వైపు వీస్తుందో వాతావరణశాఖని కనుక్కున్నారు. గాలి మాత్రం కనుక్కోకుండా ఊరివైపు వీచింది. మేడమ్ వచ్చేరోజు పొద్దున్నే మోక్షితకి మళ్ళీ జ్వరం, ఆయాసం. ఈసారి పెదాలు కాస్త నీలంగా ఉన్నాయి.

"ముప్పై తొమ్మిదిన్నర" అంది రూతమ్మ. కంప్యూటరు లేదంది. చీటీ రాలేదు. డాక్టరు గారు మేడమ్‌కి పూలగుత్తి ఇవ్వడానికి గేటు దగ్గర వరసలో ఉన్నారు. "ఆయన దగ్గరికే ఎల్లు. చేత్తో సంతకం పెట్టమను" అంది రూతమ్మ.

నూకరత్నం పిల్లని భుజాన వేసుకుని వచ్చేసరికి వరస చరిత్ర మందిరంలోకి వచ్చేసింది. ముందు మేడమ్, పక్కన శేషశయనరావు గారు, వెనక డాక్టరు గారు, చివర దుబాసీగా కరీముల్లా. నూకరత్నాన్ని చూడగానే శేషశయనరావు గారు పెదాలు కదపకుండా అన్నారు, "పిల్లనెందుకు తెచ్చావు? సరే, చెప్పు, చెప్పు."

చెప్పింది. గొడుగులు చెప్పింది. విశ్రాంతి చెప్పింది. మేడమ్ వట్టిగోడ ముందు ఆగి ఏదో అడిగారు.

"ఆమోదించిన పాఠం మార్చిలోనే పంపాం, ఎందుకు పెట్టలేదంటున్నారు" అని కరీముల్లా తెలుగులో చెప్పాడు.

పాఠంలో ఆ సంవత్సరాలున్నాయి కాబట్టి అది జల్లెడలోనే చిక్కుకుందన్న సంగతి అందరికీ ఒక్కసారే వెలిగింది. ఎవరూ పైకి అనలేదు. మేడమ్ సంచిలోంచి నకలు తీసి తానే చదివారు. కరీముల్లా వాక్యం వాక్యంగా తెలుగు చేశాడు. చేయడానికి ఉన్నది ఒకే వాక్యం.

"ఆ సంవత్సరాలలో సంస్థ, అసాధారణ పరిస్థితులలో, కార్మిక వనరుల సమీకరణకు సంబంధించిన కొన్ని సవాళ్ళను ఎదుర్కొన్నది."

"అద్భుతం" అన్నారు శేషశయనరావు గారు. "ఇంత సంక్షిప్తంగా మేం రాయలేకపోయేవాళ్ళం."

అప్పుడు మోక్షిత దగ్గింది. మేడమ్ వెనక్కి తిరిగారు. ఆవిడకీ మనవలున్నారేమో, పిల్ల నుదుటి మీద చేయి వేసి ఉలిక్కిపడ్డారు. జ్వరం ఎంత అని అడిగారు. అది కరీముల్లా తెలుగు చేయనక్కర్లేకుండానే అందరికీ అర్థమైంది.

డాక్టరు గారు పూలగుత్తి వైపు చూశారు. శేషశయనరావు గారు గొంతు సవరించుకున్నారు. "సహజస్థాయికి చేరువలో ఉంది మేడమ్."

"చేరువంటే?"

"పైవైపున చేరువ."

పిల్ల ఛాతీ నూకరత్నం భుజం మీద తోలుతిత్తిలా కొట్టుకుంటోంది. ఇరవై ఎనిమిదో తేదీ, ప్లాస్టిక్ సంచి, చెప్పమన్నది చెప్పినట్టు చెప్పిన అయిదునెలలూ ఒక్క క్షణం కళ్ళముందు నిలబడి పక్కకి తప్పుకున్నాయి.

"ముప్పై తొమ్మిదిన్నర" అంది నూకరత్నం. ఎవరికీ అర్థం కాలేదేమోనని ఇంగ్లీషులో కూడా అంది. "థర్టీ నైన్ పాయింట్ ఫైవ్. ఆవిరి మిషను గదికి తాళం వేసున్నాది."

తాళం మాట కరీముల్లా మేడమ్ భాషలో అందించాడు. మేడమ్ ముందు నడిస్తే మిగతావాళ్ళంతా వెనక నడిచారు. డాక్టరు గారు చేత్తో చీటీ రాశారు. మధ్యాహ్నానికి మోక్షిత ఊపిరి తిన్నగా పడింది. మేడమ్ పిల్లకి ఒక చాక్లెట్టు ఇచ్చి, మందిరం శుభ్రతని మెచ్చుకుని, విమానం ఎక్కారు. ఆవిడ ఇచ్చిన వాక్యాన్ని పటం కట్టించారు. సంవత్సరాలు మాత్రం వేయలేదు, జల్లెడ ఒప్పుకోలేదు.

నాలుగోరోజు నూకరత్నానికి చార్జిషీటు వచ్చింది.

"విదేశీ అతిథి సమక్షమున, రెండు భాషలలో, నిషిద్ధ సంఖ్యను ఉచ్చరించినందులకు మిమ్ములను ఎందుకు తొలగించరాదో ఏడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను. సదరు నిషేధమునకు గల కారణములు మీకు తెలిసియుండెనా? తెలిసినచో, తెలిసినదంతయు పూర్తిగా వ్రాయవలెను."

కాగితం పట్టుకుని రికార్డు రూములో కూలబడింది. "కార్డు పోయింది బాబాయ్."

కరీముల్లా రెండుసార్లు చదివాడు. మొదటిసారి మామూలుగా చదివాడు, రెండోసారి అన్నం తిన్నంత ఇష్టంగా చదివాడు. లేచి, బీరువా పైనుంచి ఉద్యోగుల నియమాలుండే దుమ్ముపట్టిన స్టాండింగ్ ఆర్డర్ల పుస్తకం దించాడు.

"ఇది చూడు. ఉద్యోగి ఇచ్చిన సంజాయిషీని విచారణాధికారి, ఇద్దరు సాక్షుల ముందు, ఉద్యోగి ఎదుట, మొదటినుంచి చివరిదాకా పైకి చదవాలి. అది కంపెనీ రికార్డుల్లో శాశ్వతంగా ఉండాలి. విచారణ పూర్తయ్యేదాకా ఉద్యోగిని తీసెయ్యకూడదు, సౌకర్యాలు ఆపకూడదు."

"సౌకర్యాలంటే?"

"ఆసుపత్రి కార్డు."

నూకరత్నం కన్నీళ్ళు తుడుచుకుంది. "తెలిసినదంతా రాయమన్నారు కదా" అంది.

"పూర్తిగా రాయమన్నారు" అన్నాడు కరీముల్లా.

అతను చెప్పాడు, ఆమె రాసింది. మోక్షిత పక్కన ఖాళీ ఫైలు అట్టలతో ఇల్లు కట్టుకుంటూ కూర్చుంది. ఒత్తులు పోయాయి, దీర్ఘాలు పోయాయి, అయినా రెండొందల పేజీల నోటుపుస్తకం నిండింది. ముప్పై మూడు దగ్గర మొదలుపెట్టి ఏ సంవత్సరాన్నీ వదల్లేదు. చందాలు రాసింది, శిబిరం రాసింది, టైపిస్టు కొట్టిన ఉత్తరం రాసింది. అంకెలిచ్చిన మనుషుల పేర్లు, ఆ ముసలావిడ చెప్పినవి, కరీముల్లాకి ఎన్ని గుర్తుంటే అన్నీ రాసింది. పేర్లు గుర్తులేని చోట "ఒకామె, ఆమె కూతురు" అని రాసింది.

విచారణాధికారి శేషశయనరావు గారే. ప్రతి బుధవారం మూడింటికి కూర్చునేవారు. సాక్షులుగా డాక్టరు గారు, సెక్యూరిటీ అతను. పిల్లని వదిలే చోటు లేక నూకరత్నం ఒళ్ళో కూర్చోబెట్టుకునేది. మొదటి బుధవారం శేషశయనరావు గారు మైకులో మాట్లాడినట్టు చదివారు. "ముప్పై మూడు" అనడానికి తనకి ప్రత్యేక అనుమతి ఉందని మినిట్సులో రాయించుకున్నారు. అక్షరదోషాలు దొరికిన చోటల్లా ఆగి కళ్ళద్దాల మీదనుంచి చూసేవారు. ముప్పై ఎనిమిదికి వచ్చేసరికి దోషాలు వెతకడం మానేశారు. నలభై ఒకటి మధ్యలో మంచినీళ్ళడిగారు. ఆ తర్వాత వారానికి ఒక్క పేజీ కంటే ముందుకి వెళ్ళలేదు. సెక్యూరిటీ అతను ఒక బుధవారం, తనకి వేరే డ్యూటీ ఉందని అబద్ధం చెప్పి, బయట మెట్ల మీద కూర్చుండిపోయాడు.

కార్డు ఆఖరు తేదీ నెలనెలా ముందుకి జరుగుతోంది. జల్లెడలో కూడా ఒక కన్నం పెట్టారు. "వైద్య అవసరముల నిమిత్తము, ముప్పై ఆరు నుండి నలభై ఒకటి వరకు, తగ్గుస్వరమున" అని.

ఎనిమిదో నెలలో శేషశయనరావు గారు విచారణ గదిలోకి సాక్షులకంటే ముందే వచ్చారు.

"చూడమ్మా, ఇలా ఇంకా ఎన్నాళ్ళు? నేనొక దారి ఆలోచించాను. నీ సంజాయిషీ వెనక్కి తీసుకో. 'నాకేమీ తెలియదు' అని ఒక్క ముక్క రాసివ్వు. చార్జిషీటు రద్దు చేసి, నిన్ను పర్మనెంటు చేస్తాను. కార్డు నీకూ పిల్లకీ జీవితాంతం. పుస్తకం నీకే ఇచ్చేస్తాం."

నూకరత్నం చేయి తనకి తెలియకుండానే ప్లాస్టిక్ సంచిని తడిమింది. జీవితాంతం అన్నమాట చెవుల్లో తీయగా మోగింది. ఒళ్ళో మోక్షిత నిద్రపోతోంది, ఇవాళ గాలి సముద్రంవైపు ఉంది. ఎనిమిదేళ్ళు వచ్చేసరికి చాలామంది పిల్లలకి ఆయాసం దానంతటదే తగ్గిపోతుందని రూతమ్మ చెప్పింది. వారానికి ఒక పేజీ చొప్పున మిగిలిన పేజీలు వేళ్ళమీద లెక్కేసింది. రెండున్నరేళ్ళు కూడా రావు. పిల్లకి ఆరేళ్ళు నిండగానే పుస్తకం అయిపోతుంది. ఆ తర్వాత కార్డు ఉండదు.

మళ్ళీ లెక్కేసింది. అంతే వచ్చింది.

"రాసింది నా సేతులతో రాశాను సార్" అంది చివరికి. "తెలీదని ఎలా రాయను?"

"పిల్ల సంగతి ఆలోచించుకోవా?"

"దాని సంగతే ఆలోచిస్తన్నాను సార్. ఆ పుస్తకంలో నాలాంటోళ్ళు శానామందున్నారు. పిల్లని ఒగ్గేస్తే బతకనిస్తామన్నారు ఆల్లని. ఎవులూ ఒగ్గలేదు."

సాక్షులు వచ్చి కూర్చున్నారు. శేషశయనరావు గారు కళ్ళద్దాలు పెట్టుకుని నోటుపుస్తకం దగ్గరికి లాక్కున్నారు. గుర్తుగా పెట్టిన కాగితంముక్క ఎక్కడో జారిపోయింది. పేజీలు అటూ ఇటూ తిప్పారు.

"ఎక్కడున్నామమ్మా మనం?"

"గేటు దగ్గరున్నాం సార్" అంది నూకరత్నం, నిద్రపోతున్న పిల్లని ఇంకాస్త దగ్గరికి జరుపుకుని. "తల్లులూ పిల్లలూ ఇంకా అక్కడే నిలబడున్నారు. సదవండి."